టెక్సస్‌లో టీచర్ కావాలంటే: మన బీఈడీ ఎంతవరకు పనికొస్తుంది?

అందరికీ నమస్కారం.

ఊళ్లో ఉన్నప్పుడు టీచర్‌గా చేసినవాళ్లు చేతులెత్తండి అంటే ఇందాక హాల్లో సగానికి పైగా చేతులు లేచాయి. ఇప్పుడు చేస్తున్నవాళ్లు అంటే మూడో నాలుగో. ఈ తేడా నాకు చాలా బాధగా ఉంటుంది. మొదట పిల్లలు చిన్నవాళ్లని ఆగాం, తర్వాత వీసా అని ఆగాం, ఆ తర్వాత ‘ఇంత గ్యాప్ వచ్చాక నన్నెవరు తీసుకుంటారు’ అని ఆగిపోయాం. నేను ఇక్కడి పబ్లిక్ స్కూల్లో మిడిల్ స్కూల్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మన బీఈడీని చూసి ఇక్కడ నేరుగా ఉద్యోగం ఇవ్వరు, అది నిజం. అంతమాత్రాన అది వృథా కాదు. రాష్ట్రం పెట్టిన దారి ఒకటి ఉంది, ఆ దారిలోనే వెళ్లండి, అడ్డదారి వెతక్కండి. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఇదే.

అమెరికాలో టీచర్లకు అనుమతి ఇచ్చేది కేంద్రం కాదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. మన టెక్సస్‌లో టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, అంటే టీఈఏ, ఆ పని చూస్తుంది. నియమాలు చేసేది స్టేట్ బోర్డ్ ఫర్ ఎడ్యుకేటర్ సర్టిఫికేషన్. న్యూజెర్సీలో ఉన్న మీ వదిన చెప్పిన పద్ధతి ఇక్కడ పనిచేయకపోవచ్చు. ఎవరు ఏం చెప్పినా ఒకసారి టీఈఏ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

మొదటి మెట్టు మన డిగ్రీని ఇక్కడి లెక్కలో చూపించడం. టీఈఏ ఆమోదించిన సంస్థల జాబితా ఉంటుంది, అందులో ఒకదానితో కోర్సుల వారీగా ఎవాల్యుయేషన్ చేయించుకోవాలి. మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. మన బీఎస్సీ, బీఏ మూడేళ్లవి, ఇక్కడి బ్యాచిలర్స్ నాలుగేళ్లది. కొన్ని సంస్థలు మూడేళ్ల డిగ్రీని మాత్రమే చూపిస్తే సమానం కాదంటాయి, దానికి ఎమ్మెస్సీ గానీ బీఈడీ గానీ జోడిస్తే ఒప్పుకుంటాయి. కొన్ని సంస్థలు కాలేజీకి న్యాక్, అంటే ఇండియాలో కాలేజీల నాణ్యత చూసే సంస్థ, ఇచ్చిన గ్రేడు కూడా చూస్తాయి. కాబట్టి డిగ్రీ ఒక్కటే పంపి ఊరుకోకండి, చదివినవన్నీ కలిపి పంపండి. 2015కు ముందు చదివినవాళ్లది ఏడాది బీఈడీ, తర్వాత వాళ్లది రెండేళ్లది. ఏదైనా సరే, పంపాల్సిందే.

ఇక కాగితాల్లో పేర్లు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నెలల తరబడి తిప్పుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. డిగ్రీ ఓడీలో, అంటే ఒరిజినల్ డిగ్రీ పట్టాలో, పుట్టింటి పేరు పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో అత్తింటి పేరు. కొందరికి ఇక్కడికొచ్చాక పేరు ముందుది వెనక్కీ వెనకది ముందుకీ మారిపోయి ఉంటుంది. ఈ ముగ్గురూ ఒకరేనని ఎవాల్యుయేషన్ చేసేవాళ్లకు మనమే చూపించాలి. మ్యారేజ్ సర్టిఫికెట్ ఇంగ్లిష్‌లో ఉన్నది దగ్గర పెట్టుకోండి. ఈసారి ఇండియా వెళ్లినప్పుడు యూనివర్సిటీకి స్వయంగా వెళ్లి, సీలు వేసిన కవర్లలో ట్రాన్‌స్క్రిప్టులు రెండు మూడు సెట్లు తెచ్చుకోండి. ప్రొవిజనల్‌తో సరిపెట్టుకున్నవాళ్లు ఓడీకి అప్పుడే దరఖాస్తు పెట్టేయండి. ఇక్కడ కూర్చుని అన్నయ్యనో తమ్ముడినో పరీక్షల విభాగం చుట్టూ తిప్పడం కంటే అది చాలా తేలిక.

ఇంగ్లిష్ పరీక్ష అడిగితే కంగారు పడకండి. టోఫెల్‌లో మాట్లాడే భాగానికి 24, వినడానికి, చదవడానికి 22 చొప్పున, రాయడానికి 21 రావాలని నియమం ఉండేది. స్కోర్ల లెక్క మారుతుంటుంది కాబట్టి దరఖాస్తు రోజున మళ్లీ చూసుకోండి. అమెరికాలో డిగ్రీ చేసినవాళ్లకు ఈ పరీక్ష అక్కర్లేదు.

తర్వాత టీచర్ ట్రైనింగ్ ప్రోగ్రామ్‌లో చేరాలి. యూనివర్సిటీలు నడిపేవి ఉన్నాయి, ఇప్పటికే డిగ్రీ ఉన్నవాళ్ల కోసం ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్‌లూ ఉన్నాయి. ప్రకటన చూసి చేరకండి. ప్రతి ప్రోగ్రామ్‌కీ రాష్ట్రం ఒక స్థాయి ఇస్తుంది: గుర్తింపు ఉన్నది, హెచ్చరికలో ఉన్నది, ప్రొబేషన్‌లో ఉన్నది. అది ఎవరైనా చూసుకోవచ్చు. ఫీజు తక్కువని చేరి, ఆ ప్రోగ్రామే ఇబ్బందుల్లో పడితే మీ ఏడాది పోతుంది.

సబ్జెక్టు పరీక్ష పాసై, ప్రోగ్రామ్ అడిగినవి పూర్తిచేస్తే ఇంటర్న్ సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో ఏదైనా స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఆ ప్రాంతం బడులను నడిపే సంస్థ, తీసుకుంటే పూర్తి జీతంతో క్లాసు మీదే, మెంటర్ ఒకరు తోడుంటారు. అయితే అది ఉద్యోగం, కాబట్టి పని చేసే అనుమతి ఉండాలి. హెచ్4లో, అంటే హెచ్1బీ వాళ్ల భార్య లేదా భర్త వీసాలో, ఉన్నవాళ్లకు 2015 నుంచి ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, వస్తోంది గానీ, భర్తకో భార్యకో ఐ140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం వంటి షరతులున్నాయి. ఈఏడీ రానివాళ్లు ఎవాల్యుయేషన్, పరీక్షలు ఈలోపు కానిచ్చేసుకోవచ్చు.

పరీక్షల గురించి కాస్త వివరంగా చెప్పాలి. బీఈడీలో మనం పియాజే సిద్ధాంతం మీద పేజీలకు పేజీలు రాశాం. ఇక్కడ బోధన పద్ధతులు, టీచర్ బాధ్యతల మీద పెట్టే పీపీఆర్ అనే పరీక్షలో ఒక క్లాసు దృశ్యం ఇస్తారు. ఒక పిల్లవాడు గ్రూపు పనిలో రెండు వారాలుగా నోరు విప్పడం లేదు, టీచర్ మొదట ఏం చేయాలి? నాలుగు జవాబులూ మంచివిలాగే ఉంటాయి. ‘తల్లిదండ్రులకు ఫోన్ చేయాలి’ అని మనవాళ్లు టక్కున పెట్టేస్తారు. ముందు ఆ పిల్లవాడితో విడిగా మాట్లాడి కారణం తెలుసుకోవాలన్నది ఇక్కడి ఆలోచన. స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లల కోసం జరిగే ఏఆర్‌డీ మీటింగ్, పిల్లల రికార్డుల గోప్యత, టీచర్ల ప్రవర్తనా నియమావళి మనకు కొత్త. చదివి అర్థం చేసుకోవాల్సినవి ఇవే. వీలుంటే కొన్ని నెలలు సబ్‌స్టిట్యూట్‌గా, అంటే సెలవు పెట్టిన టీచర్ బదులుగా, వెళ్లండి. ఏ పుస్తకమూ చెప్పనిది అక్కడ తెలుస్తుంది. ఒక్కో పరీక్షకు మొదటిసారి కాక నాలుగుసార్లే అవకాశం, కాబట్టి ‘ఒకసారి రాసి చూద్దాం’ అని వెళ్లకండి.

సర్టిఫికెట్ లేకుండానే తీసుకునే బడులున్నాయి కదా అని కొందరు అడుగుతారు. ఉన్నాయి. 2015 చట్టం డిస్ట్రిక్టులకు ఆ వెసులుబాటు ఇచ్చింది, ఈ మధ్య కొత్తగా చేరినవాళ్లలో చాలామంది అలా వచ్చినవాళ్లే. కానీ పాఠం చెప్పడం నేర్చుకోకుండా పిల్లల ముందు నిలబడటం వాళ్లకూ మంచిది కాదు, మనకూ మంచిది కాదు. పైగా 2025లో శాసనసభ చేసిన చట్టం ప్రధాన సబ్జెక్టుల్లో అలాంటి నియామకాలను దశలవారీగా తగ్గించమంటోంది. ఆ ఉద్యోగాన్ని నమ్ముకుని ఇల్లు కొనకండి.

ఇంటర్న్‌షిప్ పూర్తయి, పరీక్షలన్నీ పాసై, ఫింగర్‌ప్రింట్స్ అయ్యాక స్టాండర్డ్ సర్టిఫికెట్ వస్తుంది. మన దగ్గర టెట్ చెల్లుబాటు ఏడేళ్లుండేది, 2021లో జీవితకాలం చేశారు. ఇక్కడ సర్టిఫికెట్ల విషయంలో దానికి తిరగబడి జరిగింది. 1999 సెప్టెంబరుకు ముందు ఇచ్చినవి జీవితకాలానివి, తర్వాతవి ఐదేళ్లకు. రెన్యువల్ తేదీ మీ పుట్టిన నెల చివరి రోజుకు పడుతుంది, అందుకని మర్చిపోరు. ఐదేళ్లలో 150 గంటల శిక్షణ చూపించాలి. డిస్ట్రిక్ట్ ఏటా పెట్టే ట్రైనింగుల్లో చాలావరకు వచ్చేస్తుంది. కాగితాలు మాత్రం మీరే దాచుకోవాలి. ఆన్‌లైన్‌లో ‘పూర్తిచేశాను’ అని ధ్రువీకరిస్తే సరిపోతుంది గానీ, ఆడిట్‌లో అడిగితే చూపించాలి. మొదటి రోజునే ఒక ఫైలు పెట్టుకోండి. కాన్పుకనో, అమ్మానాన్నల్ని చూసుకోవడానికనో ఇండియా వెళ్లి గడువు దాటినా టెన్షన్ పడకండి, సర్టిఫికెట్ ఇన్‌యాక్టివ్ అవుతుంది తప్ప పోదు. గంటలు పూర్తిచేసి ఆలస్య రుసుము కడితే మళ్లీ వస్తుంది.

కాంట్రాక్టు విషయం మాత్రం జాగ్రత్త. రాజీనామా గడువు దాటాక సరైన కారణం లేకుండా మధ్యలో మానేస్తే సర్టిఫికెట్ మీదే చర్య తీసుకోవచ్చు. భర్తకో భార్యకో ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లాల్సి రావడాన్ని సరైన కారణంగా పరిగణిస్తారు. మన ఇళ్లలో ఇది తరచూ జరిగేదే, అందుకే ఆ కాగితాలు చూపించి రాతపూర్వకంగా రాజీనామా ఇవ్వండి. వేరే రాష్ట్రం వెళ్తే అక్కడ మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి, అయితే మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని సాధారణంగా ఉండదు.

స్టాండర్డ్ సర్టిఫికెట్ వచ్చాక ఎదగడం తేలికే. చాలా సబ్జెక్టులను పరీక్ష రాసి కలుపుకోవచ్చు, మళ్లీ ప్రోగ్రామ్ అక్కర్లేదు. లెక్కలున్నవాళ్లు సైన్స్ కలుపుకుంటే ప్రిన్సిపాల్స్ వెతుక్కుంటూ వస్తారు. ప్రిన్సిపాల్ కావాలంటే మాస్టర్స్ డిగ్రీ, రెండేళ్ల బోధన అనుభవం, దానికి వేరే ప్రోగ్రామ్, పరీక్షలు. క్లాసులోనే ఉండిపోవాలనుకునేవాళ్లకు 2019 చట్టం టీచర్ ఇన్సెంటివ్ అలాట్‌మెంట్ తెచ్చింది. పిల్లల పురోగతి, క్లాసు పరిశీలన చూసి హోదా ఇస్తారు. ఆ చట్టం ప్రకారం ఒక్కో టీచర్ పేరున ఏడాదికి 3,000 నుంచి 32,000 డాలర్ల దాకా డిస్ట్రిక్టుకు వచ్చేలా పెట్టారు, అందులో 90 శాతం ఆ బడి టీచర్ల జీతాలకే ఖర్చు చేయాలి. పేద పిల్లలు ఎక్కువున్న బడుల్లో మొత్తం ఎక్కువ. మీ డిస్ట్రిక్ట్ ఇందులో ఉందా లేదా అని ఇంటర్వ్యూలోనే అడగండి, మొహమాటం వద్దు.

ఇక మీ ప్రశ్నలు. మూడేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు ముందు మాట్లాడండి, మెమోలు తెచ్చుకున్నవాళ్లు ఆ పక్క టేబుల్ దగ్గరికి రండి, కూర్చుని చూద్దాం.