ప్లీహం పెరిగిందని తల్లి చెబితే

అందరికీ నమస్కారం. పీహెచ్‌సీ డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు ముందు వరసల్లో ఉన్నారు. ఆశా కార్యకర్తలు, ఆశ్రమ పాఠశాలల వార్డెన్లు మధ్యలో ఉన్నారు. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లిదండ్రులు మాత్రం తలుపు దగ్గర ఆగిపోయారు. అమ్మా, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, రండి. మాట్లాడేది మీ గురించే.

నాకిచ్చిన అంశం ‘ప్రత్యేక ఆరోగ్య అవసరాలున్న పిల్లల సంరక్షణలో కుటుంబం, వైద్య సిబ్బంది భాగస్వామ్యం’. అమెరికాలో 1989లోనే ఇలాంటి పిల్లల సేవలు కుటుంబం కేంద్రంగా సాగాలని చట్టంలో రాసుకున్నారు. మన దగ్గర 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో డీఈఐసీలు, అంటే పిల్లల సమస్యల్ని తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రాలు వచ్చాయి. వాటి మీద గంట సేపు చెప్పొచ్చు, మీకు నిద్ర కూడా వస్తుంది. అందుకని ఈ ఏజెన్సీలో మనకు రోజూ ఎదురయ్యే ఒక్క జబ్బు గురించే చెబుతాను. అది సికిల్ సెల్, రక్తంలోని ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి మారిపోయే జబ్బు. అందులోనూ ఎక్కువసేపు ఒక్క అవయవం దగ్గరే ఆగుతాను. అది ప్లీహం, మనం రోజూ అనే స్ప్లీన్.

గోండు, కోయ గూడేల్లో పనిచేసినవాళ్ళకి ఈ జబ్బు కొత్త కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు సికిల్ జన్యువులూ వచ్చిన బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ కొన్నాళ్ళు కాపాడుతుంది. ఆరు నెలలు వచ్చేసరికి అది తగ్గిపోతుంది. ఒక రోజు చేతులు, పాదాలు వాచి బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంది. ఏ పురుగో కుట్టిందనుకుంటారు. తర్వాత జ్వరాలు, ఒళ్ళు నొప్పులు, రక్తం తక్కువ. వీటికి కాస్త వ్యవధి ఉంటుంది, ఆసుపత్రికి రావచ్చు. ప్లీహం మాత్రం ఆ వ్యవధి ఇవ్వదు.

ఎడమ వైపు డొక్క కింద ఉండే ఈ అవయవంలో కొడవలి ఆకారపు కణాలు చిక్కుకుని, ఒంట్లో రక్తం ఉన్నట్టుండి అక్కడే నిలిచిపోతుంది. పొద్దున ఆడుకున్న బిడ్డ సాయంత్రానికి తెల్లగా పాలిపోతుంది, వాలిపోతుంది, పొట్ట ఎడమ వైపు గట్టిపడుతుంది. కొన్ని గంటల్లో రక్తం ఎక్కించకపోతే ప్రాణం పోతుంది. ఎక్కువగా మూడు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో ఇది వస్తుంది. ఒకసారి వస్తే మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ.

జమైకా దేశంలో దీని మీద జరిగిన పని మనం తెలుసుకోవాలి. కింగ్‌స్టన్‌లోని విక్టోరియా జూబిలీ ప్రసూతి ఆసుపత్రిలో 1973 నుంచి 1981 దాకా పుట్టిన లక్ష మంది పిల్లల రక్తం పరీక్షించారు. జబ్బున్న పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. డాక్టర్ గ్రాహమ్ సర్జెంట్ బృందం అది. ప్లీహంలో రక్తం నిలిచి పిల్లలు ఇళ్ళ దగ్గరే పోతున్నారని, ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోతోందని వాళ్ళకు అర్థమైంది. అప్పుడు తల్లులకు ప్లీహం తడిమి చూడడం నేర్పారు. మెడికల్ కాలేజీలో మాకు మూడో ఏడు నేర్పే పరీక్ష అది. అక్కడి తల్లులు ఇంట్లోనే నేర్చుకున్నారు. పెరిగిందనిపిస్తే వెంటనే క్లినిక్‌కి తీసుకురమ్మన్నారు.

ఫలితాలు 1985లో అచ్చయ్యాయి. అంతకు ముందు ఇలాంటి ఘటనలు వంద జరిగితే సుమారు 29 మంది పిల్లలు చనిపోయేవాళ్ళు. తల్లులకు నేర్పాక ఆ సంఖ్య 3కి వచ్చింది. ఇంకో లెక్క నాకు అంతకన్నా ముఖ్యమనిపిస్తుంది. వంద మంది పిల్లల్ని ఏడాది పాటు గమనిస్తే మొదట్లో 4.6 ఘటనలు నమోదయ్యేవి. తల్లులు చూడడం మొదలుపెట్టాక అవి 11.3 అయ్యాయి. జబ్బు ఏమీ ముదరలేదు. అంతకు ముందు సగానికి పైగా ఘటనలు ఏ రికార్డుకీ ఎక్కకుండా పోయేవన్నమాట. డాక్టర్ల కంట పడనివి తల్లుల చేతికి తగిలాయి.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. ఆఫ్రికా మూలాలున్న పిల్లల్లో ప్లీహం చిన్నతనంలోనే కుంచించుకుపోతుంది. మన పిల్లల్లో చాలామందికి అది పెద్దయ్యాక కూడా పెరిగే ఉంటుంది. పైగా ఇది మలేరియా ప్రాంతం. పెద్దవాళ్ళు ‘కడుపులో బల్ల’ అంటారే, అది మామూలు రోజుల్లోనే చేతికి తగిలే పిల్లలు మన దగ్గర ఉన్నారు. అందుకని ‘తగిలితే పరిగెత్తుకు రా’ అని చెబితే తల్లి వారానికోసారి ఊరికే వస్తుంది, మీరు విసుక్కుంటారు, నాలుగోసారి ఆమె రావడం మానేస్తుంది. ఆ నాలుగోసారే అసలుది కావచ్చు. బిడ్డ బాగున్న రోజున ప్లీహం ఎంత ఉందో ఆమెకు తెలియాలి. డొక్క కింద ఎన్ని వేళ్ళ మందం ఉందో ఆమె వేళ్ళతోనే కొలిపించండి, మీ వేళ్ళతో కాదు. మీ వేళ్ళు లావు. కొన్ని చోట్ల చెక్క పుల్ల మీద గీత పెట్టి ఇస్తారు. ఆ గీత దాటితే రమ్మంటారు. అక్షరం రాని అమ్మమ్మకి కూడా ఆ గీత అర్థమవుతుంది. తల్లి పోడుకో కూలికో పోతే పగలంతా బిడ్డను చూసేది అమ్మమ్మే కాబట్టి ఆమెకు నేర్పకపోతే మన పని సగమే అయినట్టు.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. తల్లికి నేర్పడం సులువైన భాగం. నేర్చుకున్న తల్లి రాత్రి పదకొండుకి క్యాజువాల్టీకి వచ్చి ‘సార్, రెండు వేళ్ళు ఉండేది నాలుగు వేళ్ళయింది’ అంటే ఏం జరుగుతుంది? ఓపీ చీటీ తెమ్మంటారు. ‘నువ్వు డాక్టరువా?’ అని ఎవరో ఒకరు అంటారు. జ్వరం లేదు కదా, పొద్దున రమ్మంటారు. ఇదే జరిగితే ఆమెకు నేర్పడంలో అర్థం లేదు. ఆ తల్లి చెప్పింది ల్యాబ్ రిపోర్టులాగే కేస్ షీట్లో ఎక్కాలి. సికిల్ సెల్ కార్డు చూపించి ప్లీహం పెరిగిందని చెప్పిన బిడ్డను ముందు మంచం మీదికి ఎక్కించి, హిమోగ్లోబిన్ చూసి, బ్లడ్ గ్రూపింగుకి పంపాలి. చీటీ తర్వాత రాసుకోవచ్చు. ఈ నాలుగు లైన్లు పెద్ద అక్షరాలతో క్యాజువాల్టీ గోడ మీద ఉండాలి. డ్యూటీ డాక్టర్లు మారుతుంటారు, గోడ మారదు.

డాక్టర్లకు ఒక మాట. ఇలాంటి బిడ్డకు రక్తం కొద్దికొద్దిగా ఎక్కించండి. ప్లీహంలో నిలిచిన రక్తం తిరిగి ఒంట్లోకి వస్తుంది. ఒకేసారి ఎక్కువ ఎక్కిస్తే రెండూ కలిసి చిక్కబడతాయి. ఇది మీకు తెలుసు, కానీ రాత్రి రెండింటికి టెన్షన్‌లో మర్చిపోతాం.

భాగస్వామ్యం చెడిపోయే ఇంకో చోటు ఇంట్లోనే ఉంది. బిడ్డకు సికిల్ సెల్ అని తేలిన రోజున మనం ఎవరికి చెబుతున్నాం? ఎత్తుకొచ్చిన తల్లికి. ఆమె ఇంటికెళ్ళి చెబితే ‘మా వంశంలో లేదు, నీ పుట్టింటి నుంచే తెచ్చావు’ అంటారు. ఆ తర్వాత బిడ్డ మందుల కోసం బస్సు చార్జీ అడగడానికి కూడా ఆమెకు నోరు రాదు. కాబట్టి రోగం పేరు చెప్పే రోజున తండ్రి ఉండాలి. అత్తగారు ఉంటే ఇంకా మంచిది. ఇద్దరి దగ్గర్నుంచీ చెరొకటి వస్తేనే ఈ జబ్బు వస్తుందని, ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుందని, తప్పు ఎవరిదీ కాదని, వాళ్ళ భాషలో చెప్పాలి. గోండీలోనో కోయలోనో చెప్పగలిగే ఆశా అక్క పక్కన లేకుండా ఆ సంగతి ఎత్తకండి. కార్డు మీద రంగులు, గళ్ళు ఎన్ని ఉన్నా ఇది నోటితో చెప్పాల్సిందే.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలైంది. నలభై ఏళ్ళ లోపున్న ఏడు కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చెయ్యాలని లక్ష్యం. మీలో చాలామంది సంతల్లో, బడుల్లో ఆ పరీక్షలు చేశారు, టార్గెట్లు పూర్తి చేశారు. మంచిదే. పాజిటివ్ అని తేలిన బిడ్డ ఇంటికి రెండోసారి ఎవరు వెళ్ళారన్నదే నా ప్రశ్న.

ఇక హైడ్రాక్సీయూరియా. నొప్పులు తగ్గించే మందు, రోజూ వేసుకోవాలి, మధ్యమధ్య రక్త పరీక్షలు కావాలి. మొదట్లో కేజీకి 15 నుంచి 20 మిల్లీగ్రాములు ఇస్తాం. పది కేజీల బిడ్డకు 150 నుంచి 200. మన స్టోర్లో ఉండేది ఎక్కువగా 500 క్యాప్సూల్. మరి ఆ తల్లి ఏం చెయ్యాలి? మనం చీటీ మీద రాసి పంపించేస్తాం. ఆమె ఇంట్లో పొడిని కళ్ళతో మూడు భాగాలు చేస్తుంది. దానికన్నా క్యాప్సూల్‌ని పది మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి, సిరంజితో మూడో నాలుగో మిల్లీలీటర్లు తీసి పట్టమని మీ ఎదురుగా చేయించి చూడండి. మిగిలింది పారబొయ్యాలని చెప్పండి. ఇంకో సంగతి తప్పకుండా అడగాలి: ఇంట్లో ఈ పని చేసేది ఎవరు? ఆ తల్లి మళ్ళీ గర్భవతి అయితే ఆ పొడి ముట్టుకోకూడదు. అప్పుడు తండ్రి చెయ్యాలి, లేదా నాయనమ్మ. ఈ విషయం అడగకపోతే మనకు ఎవరూ చెప్పరు. గర్భం సంగతి మగ డాక్టరుకి అసలే చెప్పరు.

రక్త పరీక్షకు సోమవారం రమ్మని రాస్తాం. వారపు సంత గురువారం. గురువారం అయితే జీపులు నడుస్తాయి, పక్కూరి వాళ్ళు తోడుంటారు, ఎలాగూ వస్తారు. సోమవారం ఒక్కరే కొండ దిగి రావాలంటే రోజు కూలి, జీపు కిరాయి రెండూ పోతాయి. ఆమె రాదు. మనం కేస్ షీట్లో ‘ఫాలో అప్‌కి రాలేదు’ అని రాస్తాం. సికిల్ సెల్ ఓపీని సంత రోజుకి మార్చడానికి ఏ జీవో అక్కర్లేదు. మెడికల్ ఆఫీసర్ అనుకుంటే చాలు.

వార్డెన్లు ఇందాకటి నుంచి ఓపిగ్గా వింటున్నారు. ఐదారేళ్ళు రాగానే ఏజెన్సీ బిడ్డ హాస్టల్‌కి వెళ్తుంది. అప్పటిదాకా తల్లికి నేర్పినదంతా గూడెంలో ఉండిపోతుంది. బిడ్డ మీ దగ్గరికి వస్తుంది. అంటే సంవత్సరంలో చాలా నెలలు ఆ బిడ్డకు మీరే ఇంటివాళ్ళు. చలికాలం తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం ఈ పిల్లలకు నొప్పులు తెస్తుంది. ఎండలో గంటల తరబడి డ్రిల్ చేయిస్తే, నీళ్ళు తక్కువ తాగితే అదే జరుగుతుంది. ‘నాటకాలాడుతున్నాడు’ అని పీఈటీ మాస్టారు అనే నొప్పి నిజమైన నొప్పే. 101 డిగ్రీలు దాటిన జ్వరానికి పారాసెటమాల్ ఇచ్చి పడుకోబెట్టకండి. ఆ రాత్రే పంపండి. బడిలో చేర్చుకునేటప్పుడు తల్లిని పిలిచి ఒక అరగంట కూర్చోబెట్టండి. బిడ్డకు నొప్పి ఎక్కడ మొదలవుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది, ప్లీహం మామూలుగా ఎంత ఉంటుంది, ఇవన్నీ ఆమెకు తెలుసు. ఆమె చెప్పినవి రిజిస్టర్లో రాసి, ఏఎన్ఎంతో సంతకం పెట్టించండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. వికలాంగుల హక్కుల చట్టం 2016లో సికిల్ సెల్‌ని చేర్చారు. సదరం సర్టిఫికెట్‌కి, అంటే వైకల్య ధ్రువపత్రానికి మీ పిల్లలు అర్హులు కావచ్చు, అడగండి. ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ జాబితాలో మాత్రం రక్త సంబంధమైన జబ్బులు లేవు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. ఇంకొకటి: మేం చెప్పింది అర్థం కాకపోతే తల ఊపి వెళ్ళిపోకండి. మళ్ళీ అడగండి. మేం విసుక్కుంటే ఇంకోసారి అడగండి.

ఇప్పుడు పై అధికారులు ఇక్కడున్నారు కాబట్టి చివరి సంగతి వాళ్ళకే. తల్లి ప్లీహం చూసింది, ఆశా ఫోన్ చేసింది, డోలీ మీద కొండ దిగారు, 108 ఎక్కారు, క్యాజువాల్టీలో వెంటనే చూశారు. అంతా సరిగ్గా జరిగింది. అప్పుడు బ్లడ్ స్టోరేజ్ యూనిట్లో ఆ గ్రూపు రక్తం లేదంటే? ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలు మూసేస్తారు, రక్తదాన శిబిరాలు తగ్గిపోతాయి. ఆ రెండు నెలలకీ ఈ పిల్లల కోసం ప్రతి స్టోరేజ్ యూనిట్లో ఎన్ని యూనిట్లు విడిగా ఉంచుతారో ఈ రోజు సమావేశం అయ్యేలోపు కాగితం మీద పెట్టాలని అడుగుతున్నాను. తల్లులు ఇక్కడే ఉన్నారు. ఆ కాగితం వాళ్ళకు కూడా చదివి వినిపిద్దాం.

టీ అయ్యాక పక్క గదిలో ప్లీహం పరీక్ష నేర్పుతాం. మొదటి విడత తల్లులకు, అమ్మమ్మలకు. డాక్టర్లు రెండో విడతలో రండి.