పది రెట్ల సిలికాన్, ఏడు శాతం బ్యాటరీ

[తెరపై పెద్ద అక్షరాలతో: "గ్రాఫైట్ కంటే పది రెట్లు"]

ఈ మాట సంగతి ఈ రోజు తేల్చేద్దాం. బ్యాటరీల కోసం సిలికాన్ పదార్థం తయారుచేసే చిన్న కంపెనీ ఏదైనా ఒక ప్రకటన ఇస్తుంది, షేరు ధర ఎగబాకుతుంది, ఆ వెంటనే నాకు సందేశాలు మొదలవుతాయి. "పది రెట్లు నిల్వ చేస్తుందట, ఇక ఫోను పది రోజులు వస్తుంది!" రాదు. ఎందుకు రాదో చెబుతాను. అయినా ఈ పదార్థం మీద నాకు గట్టి నమ్మకం ఉంది, అది ఎందుకో కూడా చెబుతాను.

ముందు లెక్క. ఇప్పటి బ్యాటరీల్లో చాలావరకు, ఛార్జ్ చేసినప్పుడు లిథియం వచ్చి చేరేది గ్రాఫైట్‌లోనే. గ్రాఫైట్‌లో ఆరు కార్బన్ పరమాణువులు కలిస్తే గాని ఒక్క లిథియానికి చోటు దొరకదు. సిలికాన్‌లో నాలుగు పరమాణువులే పదిహేను లిథియాలను పట్టుకుంటాయి. గ్రాముకు చూస్తే గ్రాఫైట్ 372 మిల్లీ ఆంపియర్ అవర్లు, సిలికాన్ దాదాపు 3,580. కాబట్టి పది రెట్లన్నది నిజమే. కానీ అది యానోడ్ సంగతి, అంటే ఛార్జ్ చేసినప్పుడు లిథియం వచ్చి చేరే వైపు. అవతల కాథోడ్ ఉంది, లిథియం వచ్చేది అక్కడి నుంచే. దాని సామర్థ్యం గ్రాముకు 200 అనుకుందాం.

[తెరపై లెక్క]

రెండింటి బరువూ కలిపి చూడండి. గ్రాఫైట్‌తో గ్రాముకు 130 వస్తుంది. సిలికాన్‌తో 189. పెరిగింది 45 శాతం! యానోడ్‌కు అసలు బరువే లేదనుకున్నా 200 దాటదు. రాగి రేకు, అల్యూమినియం రేకు, ఎలక్ట్రోలైట్ (లిథియం అటూ ఇటూ కదిలే ద్రవం), పైతొడుగు బరువులు కూడా కలిపితే ఆ 45 ఇంకా తగ్గుతుంది. సిలికాన్‌తో వోల్టేజీ కూడా కాస్త తగ్గుతుంది, అదొక కోత.

ఇంకో సంగతి చూడండి, నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చిన లెక్క ఇదే. సిలికాన్, కార్బన్ కలిపిన మిశ్రమం గ్రాముకు 1,500 ఇచ్చినా మన మొత్తం 176కు చేరిపోతుంది. అక్కడి నుంచి 3,580 దాకా పోయి సాధించేది ఇంకో 13 మాత్రమే. అందుకే "మాది 3,000 దాటింది" అని ఎవరైనా ప్రకటిస్తే నేను ఆ అంకె దగ్గర ఆగను. పోటీ అక్కడ లేదు.

చేతిలో పట్టుకుని చూసే ఉదాహరణ కావాలా? 2023లో వచ్చిన హానర్ మ్యాజిక్ 5 ప్రో. మిగతా దేశాల్లో అమ్మిన ఫోనులో బ్యాటరీ 5,100 మిల్లీ ఆంపియర్ అవర్లు. చైనాలో అమ్మిన అదే మోడల్‌లో సిలికాన్-కార్బన్ బ్యాటరీ పెట్టారు, 5,450 వచ్చింది. ఎక్కువైంది దాదాపు 7 శాతం. ఈ ఏడు శాతాన్ని నేను చిన్నచూపు చూడటం లేదు. బ్యాటరీల రంగంలో ఒక్కో శాతం కోసం ఏళ్లు గడిచిపోతాయి.

మరి అసలు చిక్కు ఎక్కడుంది? వానకు ఉబ్బే చెక్క తలుపును ఊహించుకోండి. తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది. గ్రాఫైట్ తలుపు దాదాపు పది శాతం ఉబ్బుతుంది, గుమ్మంలో కాస్త బిగుస్తుంది, అంతే. సిలికాన్ తలుపు పూర్తిగా ఛార్జ్ అయితే నాలుగింతలవుతుంది.

ఇప్పుడు ఆ తలుపుకు రంగు వేశారనుకోండి. బ్యాటరీలో కూడా అలాంటి పూత ఉంటుంది. మొదటిసారి ఛార్జ్ చేసినప్పుడు ఎలక్ట్రోలైట్ కొంత విరిగి, కొంత లిథియాన్ని తీసుకుని యానోడ్ మీద పలుచని పొరగా ఏర్పడుతుంది. అది ఉండాలి, అదే రక్షణ. గ్రాఫైట్ మీద ఆ రంగు చాలావరకు నిలుస్తుంది. సిలికాన్ తలుపు ఉబ్బినప్పుడు రంగు పగులుతుంది, లోపలి చెక్క బయటపడుతుంది, అక్కడ మళ్లీ కొత్త రంగు పడుతుంది. రేపు మళ్లీ పగులు, మళ్లీ రంగు. ఆ రంగు వచ్చేది ఒకే డబ్బాలోంచి. ఆ డబ్బా ఏమిటంటే, ఫ్యాక్టరీలో సెల్‌లో పెట్టి మూసేసిన లిథియం. దాన్ని మళ్లీ నింపేవారు లేరు.

ఒక్కో ఛార్జింగ్‌కు డబ్బాలోంచి వెయ్యో వంతు పోతుందనుకోండి. అంటే 99.9 శాతం మిగిలినట్టే, వినడానికి బాగానే ఉంది. 500 ఛార్జింగులయ్యేసరికి మిగిలేది 61 శాతం. అప్పటికీ 90 శాతం మిగలాలంటే ప్రతిసారీ 99.98 ఉండాలి. దశాంశ బిందువు తర్వాత ఆ రెండో అంకె మీదే ఈ కంపెనీల భవిష్యత్తు ఆధారపడి ఉంది.

ఇప్పుడు నాతో ఈ వీడియో చేయించిన విషయం. ఒక కంపెనీ మదుపరులకు చూపించిన స్లైడ్ చూశాను. పేరు చెప్పను. వందల ఛార్జింగుల తర్వాత కూడా సామర్థ్యం చూపే గీత కిందికి దిగకుండా సమానంగా సాగుతోంది. కింది మూలన, గీత రంగులోనే, చిన్న అక్షరాలతో ఒక మాట: హాఫ్ సెల్. అంటే ఎదురుగా కాథోడ్ బదులు లిథియం రేకు పెట్టి పరీక్షించారు. రంగు డబ్బా ఎన్నటికీ అడుగంటని పరీక్ష అది! తలుపు రోజుకు పదిసార్లు పగిలినా అందులో కనిపించదు. ప్రయోగశాలలో ఈ పరీక్ష అవసరమే, తప్పుపట్టను. దాన్నే పూర్తి బ్యాటరీ ఫలితంలా మదుపరుల ముందు పెట్టడం నాకు చాలా బాధ కలిగించింది.

పరిష్కారాలు లేవా అంటే ఉన్నాయి, అద్భుతమైనవి ఉన్నాయి. 2008లో స్టాన్‌ఫర్డ్‌లో యీ త్సుయ్ అనే శాస్త్రవేత్త బృందం సిలికాన్‌ను సన్నని తీగల్లా పెంచింది. తీగల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి ఉబ్బడానికి చోటు దొరుకుతుంది. 150 నానోమీటర్ల కంటే చిన్న రేణువులు పగలవని 2012లో తేలింది. అయితే రేణువు చిన్నదయ్యేకొద్దీ మొత్తం ఉపరితలం పెరుగుతుంది, అంటే రంగు వేయాల్సిన చెక్క పెరుగుతుంది! అందుకే చాలా మంది ఇప్పుడు సన్నని రంధ్రాలున్న కార్బన్ తీసుకుని, ఆ రంధ్రాల్లో సిలికాన్ నింపుతున్నారు. తలుపు లోపలే ఉబ్బుతుంది, రంగు బయటి చట్రం మీద ఉంటుంది. నా నమ్మకమంతా ఈ దారి మీదే. ఈ పొడిని ఇప్పుడున్న బ్యాటరీ ఫ్యాక్టరీల్లోనే గ్రాఫైట్‌తో కలిపి పూయవచ్చు, యంత్రాలన్నీ మార్చనక్కర్లేదు.

సమయం అయిపోతోంది, మిగతాది త్వరగా చెప్పేస్తాను. సిలా అనే అమెరికా కంపెనీ 2011లో మొదలైంది. దాని పదార్థం మొదట మార్కెట్‌లోకి వచ్చింది 2021లో, చేతికి పెట్టుకునే వూప్ పట్టీలో. పదేళ్లు, అదీ అంత చిన్న బ్యాటరీకి. కార్ల కంపెనీలు ఇంకా ఎక్కువ కాలం పరీక్షిస్తాయి. కాబట్టి "నమూనాలు పంపాం" అన్న ప్రకటన ఆర్డర్ కింద లెక్క కాదు. గ్రాముల నుంచి టన్నులకు వెళ్లాలంటే చాలా మందికి సిలేన్ వాయువు కావాలి, గాలి తగిలితే చాలు దానంతట అదే అంటుకుంటుంది, దానికి తగ్గ ప్లాంటు కట్టాలి. ఆదాయం లేని చిన్న కంపెనీకి ఆ డబ్బు కొత్త షేర్లు జారీ చేస్తేనే వస్తుంది, అప్పుడు పాతవాళ్ల వాటా పలచబడుతుంది. పదార్థం గెలిచి, తొలి మదుపరి ఓడిపోవడం జరిగే పనే.

ఈసారి ప్రకటన రాగానే ఇవి వెతకండి: కాథోడ్ ఉన్న పూర్తి సెల్‌లో ఎన్ని ఛార్జింగులు, మొదటి ఛార్జింగ్‌లోనే ఎంత లిథియం పోయింది, యానోడ్ పొడిని రేకు మీద ఎంత మందంగా పూశారు, చేతిలో ఉన్న నగదు ఎన్ని నెలలకు సరిపోతుంది. ఈ నాలుగూ ఉన్న ప్రకటన దొరికితే నాకు పంపండి, కాథోడ్ లెక్కతో సహా తర్వాతి వీడియోలో కూర్చుని చూద్దాం.