కోనోకార్పస్ కొట్టేస్తే సరిపోతుందా? – స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: పార్కుల్లో, డివైడర్ల మీద ఉన్న కోనోకార్పస్ అనే విదేశీ జాతి చెట్లు తీసేయాలా, వద్దా? ఇరువైపులకీ సమాన సమయం ఇస్తాం. మేడమ్, సూటిగా చెప్పండి. దీని పుప్పొడితో ఆస్తమా వస్తుందా?

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు: అలర్జీ ఉన్నవాళ్లకి ఇబ్బంది కలగొచ్చు. ఆ మాటకొస్తే ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ కలుపు పుప్పొడి కూడా ఉంది కదండీ. అసలు సమస్య ఊరంతా ఒకే జాతి...

స్థానిక మొక్కల కార్యకర్త: (అందుకుంటూ) గుజరాత్ 2023లోనే దీన్ని నాటొద్దంది! ఇంకా చర్చేంటండీ? మొదలంటా తీసేయాలి. పైకి నరికి వదిలేస్తే మోడు మళ్లీ చిగురేస్తుంది. దుంపతో సహా పెళ్లగించాలి. పక్కన నీళ్ల పైపు ఉంటే జేసీబీ వద్దు, గునపంతో తవ్వి వేళ్లు కోయాలి.

మాజీ ఉద్యాన అధికారి: ఒక్కసారిగా తీస్తే వేసవిలో నీడ పోతుంది సార్. 2002 వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి కూడా కావాలి. ఏటా మూడో వంతు చొప్పున తీద్దాం. ముందు మధ్యలో కొత్త మొక్క నాటి, అది తలెత్తాక...

కార్యకర్త: మూడేళ్లా! అప్పటికి ఆ ఫైలే కనపడదు!

వ్యాఖ్యాత: ఈ మూడేళ్లూ పిల్లలు ఆ పుప్పొడి పీల్చాలా?

అధ్యాపకురాలు: పుప్పొడి పక్కన పెట్టండి. తీసేసి అంతా కానుగే పెడితే మళ్లీ అదే కథ. వంద చెట్లలో ఒక జాతివి పదికి మించకూడదు. పైన మేడి, నేరేడు, నడుమ పొగడ, రేల, కింద తంగేడు, కరివేపాకు. మేడి కాస్తే కోయిలలొస్తాయి. ఇంకో సంగతి. నిమ్మ, కరివేపాకు ఆకుల మీద పిట్ట రెట్టలా నల్లగా, తెల్లగా ఒక పురుగు ఉంటుంది. అది సీతాకోకచిలుక పిల్ల. తోటమాలి దాన్ని చీడ అనుకుని మందు కొడితే...

కార్యకర్త: మందు ఆపమని నేనెప్పట్నుంచో అంటున్నా! ముందు ఆ లాన్ సంగతి చూడండి. నీళ్లన్నీ తాగేస్తుంది, సీతాకోకకి తిండి పెట్టదు. సగం లాన్ కోయడం మానండి.

కాలనీ సంఘం ప్రతినిధి: గడ్డి పెంచితే పాములొస్తాయండీ. పిల్లలు ఆడుకునే చోటు.

అధ్యాపకురాలు: దారి వెంట రెండడుగుల పట్టీ ఎప్పుడూ పొట్టిగా కోయించండి. పాము ఎలుకల కోసం వస్తుంది. గేటు పక్కన చెత్తకుప్ప తీయించండి ముందు.

ప్రతినిధి: చెత్తబండి రోజు విడిచి రోజు కూడా రావట్లేదు...

వ్యాఖ్యాత: చెత్తబండి ఇంకోసారి. అలర్జీకి వద్దాం.

కార్యకర్త: గుంత సంగతి చెప్పనివ్వండి! రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. మూడో వంతు మాగిన పశువుల ఎరువు. ఆరడుగుల మొక్కే తెండి. కవరులో వేళ్లు చుట్ట చుట్టుకుని ఉంటాయి, వాటిని కోసి విడదీయకపోతే నాలుగేళ్లకి గాలికి పడిపోతుంది. కాంట్రాక్టర్లు కవరు కూడా తీయకుండా పాతేస్తున్నారు!

మాజీ అధికారి: నిజమే. మొదలు దాకా టైల్స్ వేస్తే మొక్క ఉక్కిరిబిక్కిరవుతుంది. చుట్టూ మీటరు వరకూ కాంక్రీటు ఉండొద్దని ఢిల్లీ చెట్ల కేసులో హరిత ట్రైబ్యునల్ 2013లోనే చెప్పింది. తొలి రెండు వేసవులూ వారానికి రెండు తడులు పడాలి. ఆ ట్యాంకరుకి బడ్జెట్...

కార్యకర్త: బడ్జెట్ అని సాకు చెప్పొద్దు! రాలిన ఆకు కాల్చకుండా మొక్క మొదలు చుట్టూ నాలుగంగుళాలు పరవండి, తడి నిలుస్తుంది. ఖర్చు లేదు.

మాజీ అధికారి: మొక్క కాండానికి తగలకూడదు, తగిలితే కుళ్లు...

వ్యాఖ్యాత: సమయం అయిపోతోంది. చివరి మాట మీదే సార్. ఆస్తమా వస్తుందనే కదా?

కార్యకర్త: వచ్చినా రాకపోయినా, వానలకి ముందే పెళ్లగించండి!

మాజీ అధికారి: అనుమతి రాకుండానా? నేనింకా...

వ్యాఖ్యాత: విరామం తీసుకుందాం.