ముప్పై రోజులు ఎప్పటి నుంచి?

(శ్రీకాకుళంలో వినియోగదారుల అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ముందు వరుసల్లో గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. వెనక వ్యాపారస్తులున్నారు. ఆన్‌లైన్‌లో ఏ సర్వీసు కొనబోయినా మీ అందరికీ కనబడే మాట ఒకటుంది: "30 రోజుల మనీ బ్యాక్ గ్యారంటీ". నచ్చకపోతే డబ్బు తిరిగొస్తుందిలే అన్న ధీమాతో బటన్ నొక్కేస్తాం.

పొందూరులో ఖద్దరు కొంటే గుడ్డని చేత్తో తడిమి చూస్తాం. తేడా వస్తే అదే కొట్టుకెళ్లి అడుగుతాం. ఆన్‌లైన్ సర్వీసులో తడిమి చూడ్డానికి ఏమీ ఉండదు, అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నాడో తెలీదు. గ్యారంటీ అన్న ఒక్క మాటని నమ్మి డబ్బు కడతాం. కాబట్టి ఆ మాటకున్న హద్దులేమిటో కట్టకముందే మనకి తెలియాలి.

మొదట అడగాల్సింది, ఆ ముప్పై రోజులు ఎప్పటి నుంచి అని. చాలా చోట్ల డబ్బు కట్టిన రోజు నుంచే లెక్క. కోచింగ్ బ్యాచ్ మూడు వారాల తర్వాత మొదలైతే, సారు పాఠం ఎలా చెబుతున్నారో మీకు అర్థమయ్యేసరికి గడువు దాటిపోతుంది. కొన్ని కోర్సుల్లో ఇన్ని వీడియోలకు మించి చూస్తే రిఫండ్ రాదు. ఇంకొన్నిటిలో అన్ని క్లాసులకూ హాజరై, అన్ని టెస్టులూ రాస్తేనే వస్తుంది. కోర్సుకి కిస్తీల మీద కడుతుంటే ఇంకా జాగ్రత్త. చాలాసార్లు ఆ అప్పు వేరే ఫైనాన్స్ కంపెనీది. కోర్సు మానేసినంత మాత్రాన కిస్తీ ఆగదు. అప్పు రద్దయిందని వాళ్ల దగ్గర నుంచి కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

వ్యాపారస్తులకి ఒక లెక్క చెబుతాను. పలాసలో జీడిపప్పు అమ్మే ఒకాయన సొంత వెబ్‌సైట్ కోసం మూడేళ్ల హోస్టింగ్, అంటే సైట్‌ని ఇంటర్నెట్‌లో ఉంచే చోటు, 9,000 రూపాయలకి కొన్నారనుకోండి. డొమైన్ పేరు, అంటే సైట్ చిరునామా, ఉచితం అన్నారు. సైట్ నెమ్మదిగా ఉందని పదో రోజున రిఫండ్ అడిగితే, ఆ ఉచిత డొమైన్‌కి 1,000 రూపాయలు కోసుకుని మిగతాది ఇస్తామంటారు. డొమైన్ రిజిస్ట్రేషన్‌కి కంపెనీ ముందే ఆ పేర్లు నమోదు చేసే సంస్థకి డబ్బు కట్టేస్తుంది, ఆ కోతలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ సంగతి "ఉచితం" అన్న మాట పక్కనే ఎందుకు రాయరు? నా అభ్యంతరం అక్కడ. సెటప్ ఛార్జీలు, బ్యాకప్ లాంటి అదనపు సేవల డబ్బు కూడా చాలా కంపెనీలు తిరిగివ్వవు. పైగా ఈ గ్యారంటీ తరచుగా మొదటిసారి కొన్నదానికే. రెన్యువల్‌కి కోసిన డబ్బుకి వర్తించదు.

క్యాన్సిల్ నొక్కడం వేరు, రిఫండ్ అడగడం వేరు. ఇక్కడ మోసపోయేవాళ్లు ఎక్కువ. క్యాన్సిల్ నొక్కితే చాలా వాటిలో తర్వాతి కోత ఒక్కటే ఆగుతుంది. కట్టిన డబ్బు కావాలంటే గడువులోపే వేరేగా మెయిల్ పెట్టాలి. ఆటోపే, అంటే గడువు రాగానే మన ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోసుకునే ఏర్పాటు, విషయంలో రిజర్వ్ బ్యాంకు నియమం మనకి అండ. డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందే మెసేజ్ రావాలి. ఆ మెసేజ్‌ని చూడకుండా పక్కన పెట్టకండి.

ఇక చట్టం. లోపమున్న సేవకి బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. "నచ్చలేదు" అన్నదానికి చట్టం ఈ హక్కు ఇవ్వదు, అక్కడ కంపెనీ ఇచ్చిన మాటే ఆధారం. ఆ మాటకి షరతులుంటే దాచకూడదు. ప్రకటనలో షరతు కూడా అసలు మాట ఉన్న భాషలోనే, అదే ఫాంట్‌లో ఉండాలని తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద వచ్చిన 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. సభ్యత్వం వదిలించుకోవడాన్ని కావాలని కష్టం చేయడం 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (వెబ్‌సైట్లు, యాప్‌లు కొనేవాళ్లని తప్పుదోవ పట్టించే ఎత్తులు) మార్గదర్శకాల కింద నిషిద్ధం.

కాబట్టి డబ్బు కట్టకముందే ఆఫర్ పేజీకి, రిఫండ్ షరతుల పేజీకి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ పేజీ తర్వాత మారిపోవచ్చు. కంపెనీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సేవకి కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కంపెనీ బెంగళూరులో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే, ఇక్కడ శ్రీకాకుళంలోనే కేసు వేయొచ్చు. వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. రిఫండ్ ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే ఫోన్ పట్టుకుని ముందుకు రండమ్మా, ఆ షరతులు కలిసి చదువుదాం.