స్థలం చేసే పని ఎవరు చేస్తారు?

అందరికీ నమస్కారం. ఆర్కిటెక్చర్ వాళ్లు, సివిల్ వాళ్లు కలిసి కూర్చున్న సభ కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా లెక్కలోకే వెళ్తాను. విషయం రీజెనరేటివ్ డిజైన్, అంటే కట్టడం వల్ల ఆగిపోయిన స్థలం పనిని మళ్లీ జరిగేలా చేసే డిజైన్.

హైదరాబాద్‌లో 200 గజాల ప్లాటు తీసుకోండి. చదరపు మీటర్లలో చెప్పాలంటే 167. ఊళ్లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. రెండూ గుణిస్తే ఆ ఒక్క ప్లాటు మీద పడే నీళ్లు 1,30,000 లీటర్ల పైమాటే. ఆవిరైపోయేది, చింది పోయేది తీసేసినా లక్ష లీటర్లు మిగులుతాయి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఇరవై. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క ట్యాంకర్ కోసం ఎంత టెన్షన్ పడతామో మీకు చెప్పక్కర్లేదు.

ప్లాటు ఖాళీగా ఉన్నప్పుడు ఆ నీళ్లలో కొంత భూమి తాగేది. ఓ వేపచెట్టు ఉంటే నీడ ఇచ్చేది, చుట్టూ గాలిని కాస్త చల్లబరిచేది. మనం వెళ్లి ప్రహరీ నుంచి ప్రహరీ దాకా కట్టేస్తాం. సెట్‌బ్యాక్ అని ఇంటికీ ప్రహరీకీ మధ్య వదిలిన మూడడుగులకి కూడా పార్కింగ్ టైల్స్ పరుస్తాం. స్లాబు మీద నీళ్లన్నీ ఒక పైపులోంచి రోడ్డు మీదికి వదిలేస్తాం. ఇన్నాళ్లూ స్థలం చేస్తున్న పని ఆ రోజుతో ఆగిపోతుంది. మరి దాన్ని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? రీజెనరేటివ్ డిజైన్ అంటే నా వరకూ ఈ ప్రశ్నే. కరెంటు తక్కువ వాడటం, నీళ్లు పొదుపు చేయడం, ఇవన్నీ హాని తగ్గించుకునే మార్గాలు. చెయ్యాల్సినవే. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం అలాంటిదే, డాబాకి తెల్ల పూత వేస్తే ఇంట్లో వేడి తగ్గుతుంది. కానీ అక్కడితో ఆగితే స్థలం బాకీ తీరదు.

మన ఊళ్లోనే ఒక భవనం ఉంది, తప్పకుండా వెళ్లి చూడండి. హైటెక్ సిటీ దగ్గర సీఐఐ - సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004 జూలై 14న అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. పర్యావరణానికి మేలు చేసే భవనాలకి ఇచ్చే లీడ్ రేటింగ్‌లో అన్నిటికన్నా పైదైన ప్లాటినం వచ్చిన మొదటి భారతీయ భవనం అది. నన్ను ఆకట్టుకున్నది రేటింగ్ కాదు, వాడిన నీళ్లకి వాళ్లు చూపిన దారి. మురుగునీటిని మొక్కల వేళ్ల మధ్య నుంచి పంపి శుభ్రం చేసి, మళ్లీ ఆ ఆవరణలోనే వాడేలా డిజైన్ చేశారు. నడుమ ఆకాశం కనిపించే ముంగిలి, గాలి లోపలికి దింపే బురుజులు, జాలీ గోడలు, కప్పు మీద మట్టి, పచ్చిక. ఆ తర్వాత అదే చుట్టుపక్కల పడమటి ఎండకి ఎదురుగా అద్దాల గోడలు పెట్టి, లోపల రోజంతా ఏసీలు నడిపే ఆఫీసులు ఎన్ని లేచాయో మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. వాటిలో కొన్నింటి లాబీల్లో కూడా గ్రీన్ అని ఫలకం ఉంటుంది!

కొత్తది కట్టకుండానే స్థలానికి దాని పని తిరిగి అప్పగించవచ్చని సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్ల బావి చూపించింది. పదిహేడో శతాబ్దం నాటి బావి. దశాబ్దాలపాటు చెత్త, మట్టి నిండి అక్కడ బావి ఉందన్న సంగతే చాలామంది మరిచిపోయారు. పూడిక తీస్తుంటే అడుగు నుంచి మెట్లు బయటపడ్డాయి, వాటి వెనకే ఊట నీళ్లు వచ్చేశాయి. 2022 డిసెంబర్‌లో మళ్లీ జనానికి తెరిచారు. ఎక్కడి నుంచో పైపు వేసి నింపాల్సిన అవసరం రాలేదు.

ఇక ఈ బల్ల మీద రెండు ఇటుకలు పెట్టాను, చూడండి. రెండూ కూల్చిన ఇళ్లవే. ఇది గానుగ సున్నంతో కట్టిన గోడది. తాపీతో నాలుగు దెబ్బలు వేస్తే సున్నం రాలిపోయింది, అంచులు చెక్కుచెదరలేదు. రేపు ఇంకో గోడలో పెట్టుకోవచ్చు. రెండోది సిమెంటు గోడది. సిమెంటు వదల్లేదు, ఇటుకే సగానికి విరిగింది. దాని గతి ఏ చెరువు గట్టు పక్కనో డెబ్రిస్ కుప్పే. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటు తయారీదే. అందులో సగానికి పైగా బొగ్గు వల్ల కూడా కాదు, సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాయిలోంచే వస్తుంది. సున్నం బట్టీలోనూ రాయి అదే వాయువు వదులుతుంది, నిజమే. కాకపోతే సున్నం గోడలో గట్టిపడుతున్నన్నాళ్లూ గాలిలోంచి దాన్ని చాలావరకు వెనక్కి తీసుకుంటుంది. బట్టీకి వాడిన కట్టెల, బొగ్గుల పొగ మాత్రం వెనక్కి రాదు.

ఇదంతా విని వెళ్లి పది అంతస్తులు సున్నంతో కడతానంటే మీ స్ట్రక్చర్స్ మాస్టారు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. భారం మోసే చోట కాంక్రీటు ఉండనివ్వండి. రెండంతస్తుల ఇంటి గోడలకి, ప్రహరీకి, లోపలి పూతకి సిమెంటే ఎందుకో అడగండి. నేల మీద షాబాద్ బండలు గానీ, బేతంచర్ల బండలు గానీ సున్నం మీద పరిస్తే రేపు ఊడదీసి ఇంకో ఇంట్లో వేసుకోవచ్చు. సిమెంటులో అతికించిన టైల్ ముక్కలుగానే బయటికొస్తుంది. పాత మండువా లోగిళ్ల గురించి కూడా మురిసిపోతూ మాట్లాడతాం. వాటి పెంకులు ఏటా తొలకరికి ముందే సర్దించాల్సి వచ్చేది, ఆ చాకిరీ చేసినవాళ్లు వేరే వాళ్లు. ఇప్పుడు ఆ పని మనమే చేసుకోవాలి, లేదా సరైన కూలి ఇచ్చి చేయించుకోవాలి. ఈ ఖర్చు కూడా డిజైన్‌లో రాయండి.

ఆ మాటకొస్తే ఇంకుడు గుంతల కథ కూడా ఇదే. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకి వాల్టా చట్టం వచ్చిన నాటి నుంచీ వాన నీటిని ఒడిసిపట్టమని చెబుతూనే ఉన్నారు. ప్లాన్‌లో గుంత గీస్తారు, పర్మిషన్ వస్తుంది, కొన్నాళ్లకి దాని మీద కారు నిలబడుతుంది. ఉన్నవి కూడా పైన ఇసుక పొరలో ఒండ్రు పేరుకుని నీళ్లు దిగకుండా మొరాయిస్తాయి. అందుకే మీ డ్రాయింగ్‌లో గుంతకి ముందు ఒక చిన్న సిల్ట్ చాంబర్, అంటే ఒండ్రు ముందే దిగిపోయే తొట్టి పెట్టండి. మూత ఒక మనిషి ఎత్తగలిగినంత బరువే ఉండాలి, దాని మీద కారు పెట్టే వీల్లేని చోట ఉండాలి. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌కి ఇచ్చే కాగితాల్లో లిఫ్ట్ ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం) పక్కనే ఇంకో వరుస చేర్చండి: మే నెలలో పై ఇసుక మార్చాలి, ఎవరు మార్చాలి, డబ్బు ఏ పద్దు నుంచి ఇవ్వాలి.

ప్రశ్నలుంటే అడగండి.