రాతినార ఉన్న మ్యూజియం వస్తువులు: ముట్టుకునే ముందు

యాంకర్: నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధం నాటి గ్యాస్ మాస్కులు బ్రిటన్ మ్యూజియాల్లో చాలాచోట్ల ఉన్నాయి. ఒకప్పుడు బడిపిల్లలకు తొడిగి చూపించేవాళ్లు. ఇప్పుడు సంచిలో సీలు చేసి పెడుతున్నారు. మ్యూజియం వస్తువులను సంరక్షించే కన్జర్వేటర్ మీరు, ఎందుకు మేడమ్?

కన్జర్వేటర్: చాలా మాస్కుల వడపోత డబ్బాలో రాతినార ఉందండి, అంటే ఆస్బెస్టాస్. కొన్నింట్లో మరీ ప్రమాదకరమైన నీలి రకం. 1938 సెప్టెంబరుకల్లా అక్కడి జనానికి సుమారు 3.8 కోట్ల మాస్కులు పంచారు. విషవాయువు నుంచి ప్రాణం కాపాడాలని ఇచ్చినవి! 2014లో అక్కడి ఆరోగ్య, భద్రతా సంస్థ వాటిని పిల్లలకు తొడగొద్దని బడులకు చెప్పింది.

యాంకర్: డాక్టర్ గారూ, ఒక్కసారి పెట్టుకుంటేనే ముప్పా?

డాక్టర్: ఒక్కసారికే జబ్బు వస్తుందని భయపెట్టనండి. ఈ నార పోగులు ఎంత పీల్చారు, ఎన్నేళ్లు పీల్చారు అన్నదాన్ని బట్టే ముప్పు పెరుగుతుంది. కానీ ఇంతవరకైతే ఫర్వాలేదని గీత గీసి చెప్పలేం. పీల్చినప్పుడు దగ్గు రాదు, కళ్లు మండవు. మీసోథీలియోమా అనే క్యాన్సర్ 20 నుంచి 50 ఏళ్ల తర్వాత బయటపడొచ్చు. పదేళ్ల పిల్లకు ఒక ఫొటో కోసం అది తొడగాలా?

యాంకర్: అయితే పారేస్తే పోదా?

కన్జర్వేటర్: అలా అనకండి! నిప్పుకు కాలని రాతినారతో చేసిన పర్సును తర్వాత అమెరికా నాయకుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1725లో వింత వస్తువులు సేకరించే హాన్స్ స్లోన్ అనే డాక్టరుకు అమ్మాడు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. దాన్ని పారేస్తామా? పైగా చెత్తబుట్టలో వేస్తే ఆ నార ఇంకొకరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

యాంకర్: మరి స్టోరులో అనుమానంగా ఏదైనా కనిపిస్తే?

కన్జర్వేటర్: ముందు చెయ్యి వెనక్కి తీసుకోవాలి. దుమ్ము దులపకూడదు. మామూలు వాక్యూమ్ అసలే వద్దు, సన్నటి పోగులు దాని ఫిల్టరు దాటి గదంతా చిమ్ముతాయి. గది మూసేసి శిక్షణ ఉన్నవాళ్లను పిలవాలి. వాళ్లు నమూనా తీసి ల్యాబ్‌లో చూపిస్తారు. తర్వాత వస్తువును ఒక పాలిథీన్ సంచిలో, ఆ సంచిని ఇంకో దాంట్లో పెట్టి సీలు చేస్తారు. నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యం లేబులూ, రిజిస్టరులో నమోదూ. ఇవాళ తెలిసినవాళ్లు రేపు రిటైరవుతారు. పెట్టె మీద రాయకపోతే, పదేళ్ల తర్వాత కొత్తగా చేరిన అమ్మాయి దాన్ని విప్పి చూస్తుంది.

డాక్టర్: సర్జికల్ మాస్కు దీనికి పనికిరాదండి. సన్నటి పోగులను కూడా ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కు కావాలి, అదీ మొహానికి సందు లేకుండా అతుక్కోవాలి.

యాంకర్: మన దగ్గర ఈ ఇబ్బంది ఉందా?

కన్జర్వేటర్: కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల రాతినార గనులు ఉండేవి కదండీ. ఏ కాలేజీ ఖనిజాల బీరువాలోనైనా అలాంటి రాయి విడిగా ఉంటే, గోటితో గీరి పోగు తీయాలని కుర్రాళ్లకు అనిపిస్తుంది. అది పట్టులా మెరుస్తుంది మరి. మూత సీలు చేసిన గాజు డబ్బాలో పెట్టండి.

యాంకర్: గాజులోంచి ఆ రాతి పోగులు కనిపిస్తాయా?

కన్జర్వేటర్: శుభ్రంగా కనిపిస్తాయి. కావాలంటే భూతద్దం కూడా పక్కనే పెట్టండి.