తప్పు సుబ్బయ్యది కాదు

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్‌గారికి, కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులకు, ఫైనలియర్ పిల్లలకు, వెనక నిలబడ్డవాళ్లకు కూడా. ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండమ్మా. నన్ను సిస్టమ్స్ ప్రోగ్రామింగ్‌లో ఉద్యోగాల గురించి చెప్పమన్నారు. ఉద్యోగాలున్నాయి, సీ ప్లస్ ప్లస్ గట్టిగా వచ్చినవాళ్లే దొరకడం లేదు. ఇక మిగతా సమయం వేరే సంగతికి వాడుకుంటాను, పెద్దలు అనుమతించాలి.

2018 ఫిబ్రవరి గుర్తుందా? జ్ఞా అక్షరం మెసేజిలో వస్తే ఐఫోన్‌లో యాప్ మూసుకుపోయేది. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే కూలిపోయేది. తెలుగు అక్షరం ఫోన్లను పడగొడుతోందని ఊరూవాడా వార్తలు. జరిగింది వేరు. జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆపైన దీర్ఘం. ఈ వరస వస్తే అక్షరాలను తెరమీద పేర్చే యాపిల్ వాళ్ల కోర్‌టెక్స్ట్ తన మెమరీని తానే పాడుచేసుకునేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరసలకు అదే గతి. ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షన్ వచ్చింది. అందులో యాపిల్ స్వయంగా ఇది హీప్ కరప్షన్, అంటే ప్రోగ్రాము వాడుకునే మెమరీ పాడవడం అని రాసింది, ఇన్‌పుట్ తనిఖీని బాగుచేశామని రాసింది. అయినా జనం నోట నిలిచింది మాత్రం తెలుగు అక్షరమే.

నా బాధ అక్కడే మొదలు. ఇప్పుడు మా ఆఫీసు సంగతి చెబుతాను, పేరు చెప్పను.

జాబితాలు ప్రింటు చేసే సాఫ్ట్‌వేర్ మాది. పేర్లు ఇంగ్లీషులో ఉన్నన్నాళ్లూ ఏ గొడవా లేదు. తెలుగులోకి మార్చాక అప్పుడప్పుడు కూలిపోవడం మొదలైంది. కూలిన ప్రతిసారీ స్టాక్ ట్రేస్‌లో, అంటే కూలినప్పుడు ఏ కోడ్ నడుస్తోందో చూపే జాబితాలో, కనిపించేది ఒకమ్మాయి రాసిన రిపోర్టు మాడ్యూలే. ఆమె కోడ్ ఫ్రీని, అంటే తీసుకున్న మెమరీని తిరిగిచ్చే ఫంక్షన్‌ని, పిలవగానే ‘ఇన్‌వాలిడ్ పాయింటర్’ అని ప్రోగ్రాము చచ్చిపోయేది. డీబగ్ కోసం తెరమీద రాసే ప్రింట్ఎఫ్ ఒకటి పెడితే క్రాష్ మాయం! తీసేస్తే మళ్లీ ప్రత్యక్షం. ఆమె కోడ్ నాణ్యత బాగోలేదని అప్రైజల్‌లో రాశారు. ఒక పెద్దాయన ఇంకో అడుగు ముందుకేసి, “ఈ తెలుగు మనకెందుకు, పేర్లు ఇంగ్లీషులోకి మార్చేయండి” అన్నారు. ఆ మాట నేనింకా మరిచిపోలేదు.

ఇప్పుడు కాస్త దగ్గరగా చూడండి. యూటీఎఫ్-8 అంటే అక్షరాలను బైట్లుగా రాసుకునే పద్ధతి. అందులో తెలుగు కోడ్‌పాయింట్, అంటే విడి అక్షరమో గుర్తో, ఒక్కోటీ 3 బైట్లు. వెంకయ్యలో ఏడున్నాయి, 21 బైట్లు. లక్ష్మయ్యలో తొమ్మిది, 27. సుబ్బయ్యలో ఎనిమిది: స, కొమ్ము, బ, పొల్లు, బ, య, పొల్లు, య. సరిగ్గా 24. ఎప్పటిదో పాత ఫంక్షన్ ఒకటి పేరు పొడవు కొలిచి, అంతే మెమరీ ఇమ్మని మాలాక్ అనే ఫంక్షన్‌ని అడిగి, పేరు కాపీ చేస్తోంది. పేరు అయిపోయిందని చెప్పడానికి చివర పడే సున్నాకి ఒక బైటు అదనంగా అడగాలి కదా, అడగలేదు. 64 బిట్ లినక్స్‌లో ఆ మాలాక్ ఉండే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ, 21 అడిగితే 24 ఇస్తుంది, 27 అడిగితే 40 ఇస్తుంది. కాబట్టి వెంకయ్య, లక్ష్మయ్య క్షేమం. 24 అడిగితే మాత్రం సరిగ్గా 24. సుబ్బయ్య దగ్గర ఆ సున్నా పక్క ముక్క హెడర్లో, అంటే దాని సైజు రాసుకున్న చోట, పడుతుంది. పక్కది 32 బైట్లదైతే దాని సైజు 0 అయిపోతుంది. ఆ పక్క ముక్క ఆ అమ్మాయిది. ఆమె దాన్ని ఫ్రీ చేసినప్పుడు గాని బయటపడదు.

మేడ మీద పైపు పగిలితే కింది వాటావాళ్ల గోడ చెమ్మగిల్లినట్టు. వాళ్లేం చేస్తారు చెప్పండి?

ఇంతకీ ఎలా దొరికింది? మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో. గూగుల్‌వాళ్లు 2012లో దాని మీద పేపరు ప్రచురించారు. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో ఒక ఫ్లాగ్ పెడితే చాలు. ప్రోగ్రాము సుమారు రెండింతలు నెమ్మదిస్తుంది, అంతే. 24 బైట్ల ముక్క అంచు దాటి రాశారని, రాసిన లైనేదో, ఆ ముక్కని తీసుకున్న లైనేదో చూపించింది. రెండూ ఆ పాత ఫంక్షన్‌లోవే. మళ్లీ కంపైల్ చెయ్యలేని చోట అలాంటి పనే చేసే వాల్‌గ్రైండ్ ఉంది, అది మరీ నెమ్మది.

అధ్యాపకులు ఏమీ అనుకోకపోతే ఒక మాట. గెట్స్ అనే ఫంక్షన్ ఎంత చోటుందో చూడకుండా ఇన్‌పుట్ లైను చదివేస్తుంది. 1988లో నెట్‌వర్క్ మీద తనంతట తాను పాకిన మోరిస్ వర్మ్ మెషీన్లలోకి దూరడానికి వాడుకున్న దారుల్లో ఆ లొసుగూ ఒకటి. 2011 సీ ప్రమాణంలోంచి గెట్స్‌ని తీసేశారు. నేను చూసిన ల్యాబ్ మాన్యువళ్లలో అదింకా ఉంది! దయచేసి కొట్టేయండి.

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికే వస్తాను. లోపం దొరికింది, ఫంక్షన్ సరిచేశారు. అప్రైజల్‌లో రాసింది మాత్రం చెరిపెయ్యలేదు. ఎందుకని అడిగితే ఆ సంవత్సరం ఫైలు మూసేశామన్నారు. బాబూ, రేపు మీరు టీమ్ లీడర్లవుతారు. స్టాక్ ట్రేస్‌లో ఒకరి పేరు కనిపించగానే మెయిల్ రాయకండి. ముందు శానిటైజర్ పెట్టి నడపండి, తర్వాత రాయండి.

నా కోరికలు రెండు. ల్యాబ్ మేక్‌ఫైళ్లలో ఆ శానిటైజర్ ఫ్లాగ్ ఈ వారమే చేర్చండి. టెస్ట్ డేటాలో జాన్, మేరీలతో సరిపెట్టకుండా మీ హాజరుపట్టీ తెలుగులో టైపు చేసి పెట్టండి. సుబ్బయ్యని, సుబ్బమ్మని తప్పకుండా చేర్చండి, ఆమెవీ 24 బైట్లే. భోజనాలయ్యాక ల్యాబ్‌లోనే ఉంటాను, ఆ ఫంక్షన్ లాంటిదే ఒకటి రాసుకొచ్చాను. లాప్‌టాప్‌లు తెచ్చుకోండి.